విశాఖ నగర ప్రగతి: వేసిన పైపు లెక్కా, కొళాయిలో పడిన నీళ్లు లెక్కా?

ఎంబుక్:
ప్రశ్న సూటిగా పెడుతున్నా. జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) లాంటి కార్పొరేషన్ ఏడాది ప్రగతి చెప్పుకునేటప్పుడు దేన్ని లెక్కలోకి తీసుకోవాలి? ఇన్ని కిలోమీటర్ల పైపు, ఇన్ని పార్కులు, ఫలానా ర్యాంకు అనా? లేక ఇంటికి చేరిందేమిటనా? ఈమధ్య మొదటి రకాన్ని వెక్కిరించడం ఫ్యాషనైంది. నాకది నచ్చదు. నగరాల శుభ్రతకు కేంద్రం ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో 2023లో విశాఖకు దేశంలో 4వ స్థానం వచ్చింది. విజయవాడకు 6, తిరుపతికి 8, హైదరాబాద్‌కు 9. అది 9,500 మార్కుల పరీక్ష, ఊరికే రాదు. పైగా పని అనేది కొలతకు దొరుకుతుంది. ఎం-బుక్కులో, అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకంలో, పొడవు, వెడల్పు, లోతు రాసి సంతకం పెడతారు. జనం సంతృప్తిని ఏ టేపుతో కొలుస్తారు?

టెయిల్‌ఎండ్:
టేపు 2008 నుంచీ ఉందండీ, బయటికి తీసేవాళ్లే తక్కువ. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ సర్వీస్ లెవెల్ బెంచ్‌మార్కులని, అంటే సేవ ఏ స్థాయిలో అందాలో చెప్పే కొలమానాలు, ఇచ్చింది. నీటికి 9, మురుగునీటికి 9, చెత్తకు 8, వాననీటి కాలువలకు 2, మొత్తం 28. నీటి తొమ్మిదింటిలో పైపు పొడవు ఊసే లేదు. మనిషికి రోజుకు 135 లీటర్లు, 24 గంటల సరఫరా, బిల్లులోకి రాని నీరు 20 శాతం లోపు, ఫిర్యాదుల్లో 80 శాతం పరిష్కారం. ఇలా ఉంటాయి.

ఒక ఇంటి లెక్క చూడండి. నలుగురికి 135 చొప్పున 540 లీటర్లు. అరంగుళం కొళాయి మంచి ప్రెజర్‌లో నిమిషానికి 10 లీటర్లు ఇస్తే 54 నిమిషాలు చాలు. అంటే రోజుకు గంటసేపు వదిలినా సరిపోవాలి. కొండవాలు వీధుల్లో ఎందుకు సరిపోదు? కింద నాలుగిళ్లవాళ్లు లైనుకే మోటారు తగిలించి లాగేస్తారు. పై ఇంటికి గాలి వస్తుంది. నీళ్లు కట్టేశాక పైపు ఖాళీ అవుతుంది, మోటారు లాగుడుకి లోపల వాక్యూమ్ పుడుతుంది. ఫెర్రూల్ (వీధి పైపుకి ఇంటి పైపు తగిలించే బిగింపు) దగ్గర జాయింటు వదులైనా, కాలువలోంచి పోయే జీఐ (జింకు పూత ఇనుప) పైపు తుప్పుపట్టి చిల్లు పడినా, ఆ మురుగు లోపలికి వస్తుంది. మర్నాడు మొదటి బిందె పసుపురంగులో ఉండేది అందుకే.

కాబట్టి చూడాల్సింది రిజర్వాయర్ దగ్గర క్లోరిన్ కాదు, చిట్టచివరి కొళాయి దగ్గర. అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. పట్టాల్సింది వదిలిన మొదటి ఐదు నిమిషాల నీళ్లు. క్లోరిన్ చూసే క్లోరోస్కోప్ గొట్టంలో గీత వరకు నింపి, ఓటీ (క్లోరిన్ ఉంటే పసుపుకి తిరిగే ఆర్థోటాలిడిన్ మందు) చుక్కలు వేసి, పక్కనున్న పసుపు ఛాయతో పోల్చాలి. రంగు రాలేదంటే ఆ వీధికి ఎన్ని కిలోమీటర్ల కొత్త పైపు వేశామని చెప్పినా దండగే.

ఎంబుక్:
ఒప్పుకుంటా. కానీ అదే పట్టికలో మీటర్లు 100 శాతం, ఖర్చు రాబట్టడం 100 శాతం అని కూడా ఉంది. ఆ రెండూ ఎవరూ ఎత్తరేం? రిజర్వాయర్ నుంచి 100 బయలుదేరి, బిల్లు 65కే పడితే నష్టం 35 శాతం. అయితే బయలుదేరిన 100ని రిజర్వాయర్ దగ్గరి పెద్ద లైను మీద పెట్టే బల్క్ మీటరు చూపించాలి, ఇంటిది ఇంటి మీటరు చూపించాలి. రెండూ లేనిచోట ఆ 35 కాగితం మీద పుట్టిన అంకె. మీటరు వద్దు, 24 గంటలూ నీళ్లు కావాలి అంటే కుదరదు.

గెడ్డగట్టు:
నీళ్ల దగ్గరే ఆగిపోయారు. కిలోమీటర్ల లెక్క నిజంగా ముంచేది కాలువల్లో. విశాఖ గెడ్డలకో (కొండవాగులకో) ఇబ్బంది ఉంది. కొండ దిగి సముద్రం చేరేందుకు దూరం తక్కువ. పైన ఏటవాలు, కింద చదును. వాన పడగానే ఎర్రమట్టితో సహా నీరు వేగంగా దిగి చదునులో నెమ్మదిస్తుంది, మట్టి అక్కడే పేరుకుంటుంది. ఆ టైముకి సముద్రం పోటు మీదుంటే మూతి దగ్గర నీరు వెనక్కి నిలబడుతుంది.

ఇప్పుడు ఎగువన ఒక కిలోమీటరు గెడ్డను వెడల్పు చేసి, రెండువైపులా కాంక్రీటు గోడ కట్టారనుకోండి. నివేదికలో అది ప్రగతే. నేలమీద జరిగేది వేరు. నున్నటి గోడల మధ్య నీరు ఇంకా వేగంగా వచ్చి, దిగువన మార్చకుండా వదిలేసిన పాత కల్వర్టు దగ్గర గుమిగూడుతుంది. ఆ కల్వర్టు కంతలో అడ్డంగా ఒక నీటిపైపు, రెండు కేబుళ్లు. వాటికి కవర్లు తట్టుకుంటే సగం మూసుకుపోయినట్టే. పని మూతి నుంచి పైకి రావాలి. టెండర్లు మాత్రం స్థలం ఖాళీగా దొరికినచోట మొదలవుతాయి.

పూడికతీత మరీ ఘోరం. పద్ధతి ప్రకారం తీయకముందు లెవెల్స్ (అడుగు మట్టం కొలతలు), తీశాక లెవెల్స్ పట్టి, తేడాని ఘనపు మీటర్లలో కట్టాలి. లారీ ట్రిప్పులు లెక్కేస్తే తడి పూడికలో సగం నీళ్లే. ఆరనివ్వాలని గట్టునే పోస్తారు. అది సబబే, రెండు మూడు రోజుల్లో ఎత్తితే. ఎత్తకపోతే మొదటి జల్లుకే మళ్లీ లోపలికి. మే ఆఖరులోగా అయిపోవాల్సిన పని జూన్‌లోకి జారితే ఒకే మట్టికి రెండుసార్లు డబ్బు.

ఆ 28 బెంచ్‌మార్కుల్లోనూ మోసం లేకపోలేదు. ముంపు ఘటన అనాలంటే ఆరంగుళాలకు మించిన నీరు నాలుగు గంటలకు పైగా నిలవాలి. మూడున్నర గంటలకు దిగితే లెక్కలో సున్నా. మునిగిన స్కూటర్ సంగతి ఎవరికి కావాలి!

తడిపొడి:
ఎంబుక్ గారి ర్యాంకు మీద ఒక మాట. సర్వేక్షణ్‌ను తీసిపారేయను. 2024-25లో విశాఖకు సఫాయిమిత్ర సురక్షిత్ షెహర్ గుర్తింపు వచ్చింది. మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దించకుండా యంత్రంతో పని చేయించడం చిన్న విషయం కాదు. కానీ ఇంటింటి సేకరణ 100 శాతం అనే అంకె వేరు, వేరుచేయడం 100 శాతం అనేది వేరు. ఇంటిదగ్గర బండిలో రెండు అరలుంటాయి. చిన్న బండ్ల చెత్తను మార్చి ఎక్కించే ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌లో పెద్ద వాహనానికి ఒకటే నోరు. అక్కడ కలిసిందంటే పొద్దున రెండు బుట్టలు పెట్టిన ఇల్లాలి శ్రమంతా వృథా.

కాపులుప్పాడలో చెత్తతో నడిచే 15 మెగావాట్ల విద్యుత్ కేంద్రం ఉందిగా, కాల్చేస్తే పోలేదా అంటారు. 2016 ఘనవ్యర్థాల నిబంధనలు కిలోకు 1,500 కిలోకేలరీలు, ఆపైన వేడినిచ్చే, మళ్లీ వాడుకోలేని చెత్తను మండించి శక్తి తీయమన్నాయి. అరటితొక్కలు, వండిన అన్నం కలిసిన చెత్తలో సగానికి సగం నీరే. ముందు ఆ నీటిని ఆవిరి చేయడానికే వేడి ఖర్చవుతుంది. అందుకే నేనడిగేది ఎన్ని టన్నులు ఎత్తారని కాదు, తడిచెత్త వేరుగా ఎంత చేరిందని.

ఎంబుక్:
దానికి డబ్బెక్కడిది? 2021లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంతో వచ్చిన చెత్త యూజర్ ఛార్జీ 2024 ఆఖర్లో రద్దయింది. బెంచ్‌మార్కు చూస్తే ఖర్చు 100 శాతం రాబట్టమంటోంది.

తడిపొడి:
రద్దు జనం కోరిందే. పేదింటికీ నెలనెలా ఛార్జీ అంటే మండదా? ఆస్తిపన్నులోంచి ఇవ్వండి, ఎంత ఇచ్చారో చెత్త పద్దు కింద విడిగా చూపండి. హోటళ్లు, ఫంక్షన్‌హాళ్ల తడిచెత్త వాళ్లచోటే ఎరువు చేయిస్తే మోయాల్సిన బరువూ తగ్గుతుంది.

టెయిల్‌ఎండ్:
పార్కులు, కమ్యూనిటీ హాళ్లకు ఒక్క ముక్క చాలు. తాళం ఏ టైముకి తీస్తున్నారు, కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారు. ఈ రెండూ రాయని ప్రారంభోత్సవం లెక్కకు రాదు.

నేనడిగే నివేదిక వార్డుకొక పేజీ, 98 పేజీలు. పైన మంజూరు, గ్రౌండ్ అయినవి (నేలమీద మొదలైనవి), పూర్తయినవి మూడు వేర్వేరు గడుల్లో. కొబ్బరికాయ కొట్టినదాన్నీ పూర్తయినదాన్నీ కలిపి ‘చేపట్టిన పనులు’ అని రాయడం ఇక మానాలి. కింద చివరి కొళాయి క్లోరిన్, నీళ్లు వచ్చిన నిమిషాలు, ముంపు గంటలు, వేరుచేసిన చెత్త.

ఎంబుక్:
గడులు బాగున్నాయి. నింపేదెవరు? వార్డు సచివాలయంలో సౌకర్యాలు చూసే ఎమినిటీస్ సెక్రటరీ, పారిశుద్ధ్యం చూసే శానిటేషన్ సెక్రటరీ ఉన్నారు. తమ పనికి తామే మార్కులు వేసుకోమంటారా? వీధిదీపాల్లో చూస్తున్నాంగా. దీపాల స్విచ్ ప్యానెల్ మొత్తం లైను కరెంటు చూపిస్తుంది, ఆ లైనులో ఒక్క దీపం పోతే తేడా తెలీదు. వెలుగు శాతం 98 అంటారు, మలుపులో మాత్రం చీకటి.

గెడ్డగట్టు:
వార్డులు మార్చేయండి. ఈ వార్డు సెక్రటరీ పక్క జోన్‌లో కొలవాలి, ఏ వీధన్నది ఆ పొద్దునే చీటీ తీసి చెప్పాలి. గెడ్డలకైతే ప్రతి కల్వర్టు గోడ మీద సెంటీమీటర్ల గీతలు పెయింటుతో వేయించండి. వాన రాత్రి ఎవడైనా ఫోటో తీస్తే నీరెంత ఎక్కిందో, ఏ టైముకో రెండూ అందులోనే దొరుకుతాయి.

ఎంబుక్:
పెయింటు పనికి ఎస్టిమేటు వేస్తా. సిల్ట్ అంటుకుని గీతలు మూసుకుపోతాయి, ఎనామిల్ ప్లేటు బిగిస్తే నయం.