నోవైలో మంచు, పుట్టీ పెట్టిన కారు

ప్రశ్న: అందరికీ నమస్కారం. ఆగస్టులో మిషిగన్ వచ్చాను, నోవైలో ఉంటున్నా. పాత క్యామ్రీ కొన్నాను. వెనక చక్రం పైన తుప్పు గీకించి, పుట్టీ పెట్టించి, డబ్బా స్ప్రేతో బూడిదరంగు ప్రైమర్ కొట్టించా. పెయింట్ షాపు డేట్ వచ్చే నెలలో. ఈలోపు మంచు పడుతుందంటున్నారు. ప్రైమర్ ఉంది కదా, పర్లేదా?

జవాబు: పర్లేదని వదిలెయ్యకు తమ్ముడూ. ఆ డబ్బా ప్రైమర్ నీళ్లను ఆపదు, పీల్చుకుంటుంది. కింద పుట్టీ కూడా అంతే. తడి రేకు దాకా వెళ్తే లోపలే తుప్పు మొదలై, కొత్త పెయింట్ వేసిన కొన్నాళ్లకు బుడగలు లేస్తాయి. పైగా మంచు కరగడానికి ఇక్కడ రోడ్ల మీద చల్లే ఉప్పును చక్రం చిమ్మేది సరిగ్గా అక్కడికే. చక్రం పైనున్న రేకు అంచు కిందికి వేలు పోనిచ్చి తడిమి చూడు. గరుకుగా తగిలితే లోపలి వైపు తుప్పు అలాగే ఉందన్నమాట, పైన ఎంత నున్నగా ఉన్నా లాభం లేదు.

నీళ్లను ఆపేది ఎపాక్సీ ప్రైమర్, రెండు భాగాలు కలిపి కొట్టేది. అయితే ముందు పెయింట్ షాపుకి ఫోన్ చేసి, వాళ్ల పెయింట్‌కి ఏది పడుతుందో అడుగు. డబ్బా ప్రైమర్ మీద ఇంకోటి పడితే ముడతలు లేవొచ్చు, అందుకే చాలామంది దాన్ని గీకేసి మళ్లీ మొదలుపెడతారు. ఇప్పటికే వాన తగిలి ఉంటే పుట్టీ పూర్తిగా ఆరాకే ఎపాక్సీ. చలిలో ఎపాక్సీ సరిగ్గా గట్టిపడదు. గరాజ్ వెచ్చగా ఉంటే సరిపోదు, రేకు కూడా వేడెక్కాలి.

ప్రశ్న: నాకు గరాజ్ లేదన్నా, అపార్ట్‌మెంట్. వ్యాక్స్ రాసి, ప్లాస్టిక్ అంటిస్తే?

ఇంకొకరి జవాబు: వ్యాక్స్ వద్దే వద్దు బాబూ. వ్యాక్స్, సిలికాన్ ఏ కొంచెం మిగిలినా పెయింట్ అక్కడ నిలవక గుంటలు గుంటలుగా విడిపోతుంది. ప్లాస్టిక్ కింద చెమ్మ పడుతుంది, టేపు చాలా రోజులుంచితే జిగురు వదలదు. ఎపాక్సీ ఒక్కటీ ముందుగా ఆ షాపులోనే వేయించుకో. అదయ్యేదాకా ఆఫీసుకి ఎవరి కార్లోనైనా వెళ్లు, నోవైలో మనవాళ్లకేం కొదవ? ఎపాక్సీ డబ్బా లేబుల్ ఫోటో తీసి, ఏ రోజు కొట్టారో రాసిపెట్టుకో. రోజులు ఎక్కువైతే పెయింట్‌కి ముందు దాన్ని మళ్లీ ఉప్పుకాగితంతో రుద్దాలి.