సీసీ కెమెరా ఫుటేజ్ ఫాస్ట్‌గా పరిగెడుతోంది, ప్లేయర్ 25 ఎఫ్‌పీఎస్ (సెకనుకి 25 ఫ్రేములు) అంటోంది, అసలు రేటు ఎలా పట్టుకోవాలి?

యార్డ్_కుర్రాడు
అందరికీ నమస్తే అండి. గుంటూరు మిర్చి యార్డులో మా బాబాయ్ కమిషన్ కొట్టులో లెక్కలు నేనే చూస్తా. మొన్న ఒక రైతు లారీ సరుకు దించాం, ఐదింటికి మొదలెడితే ఏడు దాకా సాగింది. ఆయన 142 టిక్కీలు (మిర్చి బస్తాలు) అంటున్నాడు, మా పుస్తకంలో 141 ఉంది. ఏళ్ల తరబడి మాకే సరుకు వేసే మనిషి, అబద్ధం ఆడే రకం కాదు, అందుకే నోటి మాట మీద తేల్చకుండా కెమెరా చూద్దాం అన్నా. కెమెరా రికార్డింగ్ దాచే డీవీఆర్ పెట్టె నుంచి పెన్‌డ్రైవ్‌కి తీస్తే గంటకొకటి చొప్పున రెండు డాట్ హెచ్264 ఫైళ్లు వచ్చాయి. వీఎల్‌సీలో పెడితే ముఠావాళ్లు భుజాన టిక్కీతో పరిగెడుతున్నట్టు కనపడుతున్నారు, మూడుసార్లు లెక్కపెడితే మూడు రకాలుగా వచ్చింది. కంట్రోల్ జే కొడితే ఫ్రేమ్ రేట్ 25 అని చూపిస్తోంది కానీ ఐదు నుంచి ఆరు దాకా ఉన్న గంట ఫుటేజ్ 36 నిమిషాల్లో అయిపోతోంది. ఫైల్ పాడైందా, ప్లేయర్ తప్పా?

బెజవాడ_సిస్టమ్స్
వీఎల్‌సీలో స్పీడ్ 0.6 కి తగ్గించు బ్రో, 36 ని 0.6 తో భాగిస్తే 60, సరిపోద్ది.

యార్డ్_కుర్రాడు
థ్యాంక్స్ అన్నా, చూడ్డానికి బాగానే ఉంది. కానీ రైతుకి కూడా కాపీ ఇవ్వాలి, ఆయన ఫోన్‌లో చూస్తాడు, ప్రతిసారీ స్పీడ్ తగ్గించుకోమని పెద్దాయనకి చెప్పలేను కదా.

గవర్నర్‌పేట_ఎడిటింగ్
తమ్ముడూ, నేను విజయవాడలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తా, ఇలాంటి డీవీఆర్ ఫైళ్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. నీ ఫైల్ పాడవలేదు. డాట్ హెచ్264 అంటే ఫ్రేములు వరసగా పేర్చిన కట్ట, అంతే. ఎంపీ4 లోనో ఎంకేవీ లోనో ఉంటే ఏ ఫ్రేము ఎప్పుడు చూపించాలో టైమ్‌స్టాంప్ రాసి ఉంటుంది, దీంట్లో అది లేదు. హెచ్264 లోపలే రేటు రాసుకునే చోటు ఒకటుంది, వీయూఐ అంటారు, కానీ రాసి తీరాలన్న రూల్ లేదు, డీవీఆర్ దాన్ని ఖాళీగా వదిలేస్తే వీడియో ఫైళ్లు మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్, ఎంకేవీటూల్‌నిక్స్ లాంటి సాఫ్ట్‌వేర్లు అయినా 25 అనేసుకుంటాయి. నువ్వు చూసే 25 ఎవరూ కొలిచి చెప్పింది కాదు, ఊహ. కొన్ని డీవీఆర్‌లు ఆ చోట రాస్తాయి గానీ తప్పు రాస్తాయి, అక్కడ లెక్క ఫ్రేముకి రెండు ఫీల్డుల (ఫీల్డు అంటే అర ఫ్రేము) చొప్పున ఉండాలి, అది మర్చిపోతే రేటు సగమే కనపడుద్ది.

కాబట్టి ప్లేయర్ చెప్పే అంకె వదిలేయ్, బొమ్మ మీద మూలన పడే గడియారం చూడు, అది కెమెరా దగ్గరే ముద్ర పడింది. స్పీడ్ మామూలుగా పెట్టి, ఆ గడియారంలో ఒక నిమిషం మారడానికి ఎంత పడుతోందో నీ ఫోన్ స్టాప్‌వాచ్‌తో పట్టు. 36 సెకన్లు వస్తే 25 ఇంటూ 36 బై 60, అంటే 15. డీవీఆర్ సెట్టింగ్స్‌లో ఆ ఛానల్‌కి కూడా 15 అనే ఉంటుంది చూస్కో.

సరిచేయడానికి ఎంకేవీటూల్‌నిక్స్ తేలిక. ఫైల్ ఎక్కించి వీడియో ట్రాక్ మీద క్లిక్ చేస్తే కుడి పక్క డిఫాల్ట్ డ్యూరేషన్ అని ఒక గడి ఉంటుంది, అందులో 15ఎఫ్‌పీఎస్ అని ఖాళీ లేకుండా ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టి మల్టిప్లెక్స్ నొక్కు. బొమ్మని మళ్లీ కంప్రెస్ చేయదు, క్వాలిటీ చెక్కుచెదరదు, నిమిషం కూడా పట్టదు. తర్వాత దాన్ని ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో, మళ్లీ కంప్రెస్ చేయని కాపీ మోడ్‌లో ఎంపీ4 చేసి ఫోన్‌కి పంపు. నేరుగా ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తోనే చేయాలనుకుంటే మాత్రం ఫ్రేమ్‌రేట్ 15 అనేది ఇన్‌పుట్ ఫైల్ పేరుకి ముందే ఉండాలి. మొదట్లో నేను వెనక పెట్టి కన్వర్ట్ చేసేవాణ్ణి, స్పీడు మారేది కాదు సరికదా కొన్ని ఫ్రేములు ఎగిరిపోయేవి, నీలాగా లెక్కపెట్టే పనికి అది చాలా ప్రమాదం.

బ్రాడీపేట_లా
ఒక మాట చెప్తా అండి. విషయం పోలీసుల దాకా కోర్టు దాకా వెళ్తుందనిపిస్తే పెన్‌డ్రైవ్‌లో ఉన్న అసలు ఫైల్‌ని ముట్టుకోవద్దు, కాపీ మీదే పని చేయండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకి సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఫైల్ హాష్ విలువ (ఫైల్‌కి వేలిముద్ర లాంటి కోడ్) కూడా రాయాలి. రేటు మార్చిన ఫైల్‌కి హాష్ మారిపోతుంది.

యార్డ్_కుర్రాడు
కోర్టు దాకా వద్దండి, మనవాళ్లే. ఐదు నుంచి ఆరు ఫైల్ 15 పెడితే సెకను తేడా లేకుండా వచ్చింది. రెండో ఫైల్‌లో మాత్రం 6:30 దాకా బాగుండి అక్కణ్ణుంచి మళ్లీ ఫాస్ట్ అయింది, నిమిషం 48 సెకన్లలో అయిపోతోంది.

గవర్నర్‌పేట_ఎడిటింగ్
15 ఇంటూ 48 బై 60 అంటే 12. చీకటి పడ్డాక కెమెరా స్లో షట్టర్‌లోకి వెళ్లుంటుంది, ఒక్కో ఫ్రేముకి సెకనులో పన్నెండో వంతు సేపు షట్టర్ తెరిచి ఉంచితే సెకనుకి 12 కన్నా ఎక్కడ వస్తాయి? 15 తో చేసిన ఎంకేవీని గడియారంలో 6:30 పడే దగ్గర, అంటే ఫైల్‌లో 30వ నిమిషం దగ్గర స్ప్లిట్ చేసి, రెండో ముక్కని మళ్లీ ఎక్కించి 12 పెట్టు. ఏవీఐ ఫార్మాట్ జోలికి మాత్రం పోకు, అందులో మొత్తం ఫైల్‌కి ఒకటే రేటు ఉంటుంది. ఇంకెప్పుడైనా ఇలాంటి పని పడితే మొదట్లో ఒకచోట, మధ్యలో ఒకచోట, చివర్లో ఒకచోట గడియారం కొలుచుకో.

యార్డ్_కుర్రాడు
దొరికింది అన్నా. 6:47 కి ఒక టిక్కీ కుట్టు విడిపోయి కాయ కారుతుంటే ముఠా మేస్త్రి దాన్ని కాటా వైపు పోనీయకుండా గోడ పక్కన పెట్టించాడు, తర్వాత కుట్టేసి మా సరుకులోనే కలిపేశారు, పుస్తకంలోకి మాత్రం ఎక్కలేదు. ఫాస్ట్‌గా ఆడినప్పుడు ఆ మనిషి పక్కకి తిరగడం అసలు కనపడనే లేదు. బాబాయ్ వెంటనే 142 అని దిద్దించి రైతుకి ఫోన్ చేసి చెప్పాడు, వీడియో కూడా పంపాం, ఆయన ఫోన్‌లో సరిగ్గానే ఆడుతోందంట.