టీచర్ల వైఖరి స్కేలు: ఆల్ఫా 0.48 దాటట్లేదు, ఏం చేయాలి?

నమస్కారమండీ. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగు మాట్లాడే ప్రాథమిక పాఠశాల టీచర్లకు డిజిటల్ ఆటలతో పాఠం చెప్పడంపై ఉన్న వైఖరిని కొలుస్తున్నాను. 20 వాక్యాలు, 5 పాయింట్ల లైకర్ట్ స్కేలు (ఎంత అంగీకరిస్తారో ఐదు గడుల్లో ఒకదాంట్లో టిక్కు పెట్టడం), 64 మంది. క్రోన్‌బాక్ ఆల్ఫా (వాక్యాలన్నీ ఒకే విషయాన్ని ఎంత పొందికగా కొలుస్తున్నాయో చెప్పే అంకె, 1కి దగ్గరయ్యే కొద్దీ పొందిక ఎక్కువ) 0.48. ప్రతికూల వాక్యాలు 8. వాటి స్కోర్లు తిప్పే (5ని 1గా, 1ని 5గా) లెక్కించాను. గణాంకాల సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్‌ఎస్‌లోనూ ఎక్సెల్‌లోనూ అదే అంకె. ఆ ఎనిమిదీ తీసేస్తే మాత్రం 0.81.

కాగితాలు తిరగేస్తే, ‘ఆటలతో పిల్లలు లెక్కలు త్వరగా నేర్చుకుంటారు’కీ ‘అంగీకరిస్తాను’ అనే, ‘ఆటలతో క్లాసు టైము వృథా’కీ ‘అంగీకరిస్తాను’ అనే టిక్కు! పై నుంచి కిందికి ఒకే గడిలో టిక్కులు. పేర్లు రాయించలేదు, హెడ్‌మాస్టర్ లేనప్పుడే నింపించాను, అయినా అంతే. (ఫారమ్ అంటే చాలు, మావాళ్ళకి ‘సరే’ అనడమే అలవాటు.) ఎనిమిదీ తీసేస్తే ఆ అలవాటునే కొలిచినట్టవుతుందేమో.

వాటిని తీసేయాలా, లేక రెండు ఎదురెదురు వాక్యాల్లో ఒకటి ఎంచుకునేలా మార్చి మళ్ళీ నింపించాలా?