సెంట్రింగ్ మేస్త్రీ నా మాట వినడం లేదు, జాకీలు ముందే తీసేస్తానంటున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న (సైట్ ఇంజనీర్, బాచుపల్లి)

అందరికీ నమస్కారం. సివిల్ డిప్లొమా అయి ఏడాదిన్నర. బాచుపల్లి వైపు స్టిల్ట్ ప్లస్ ఐదు అంతస్తుల అపార్ట్‌మెంట్‌కు సైట్ ఇంజనీర్‌గా చేరి నాలుగు నెలలైంది. ఓనర్ వారానికి ఒకసారి వస్తారు, మిగతా రోజులు అన్నీ నేనే చూసుకోవాలి.

రెండో స్లాబ్ పోసి ఈరోజుకు ఐదు రోజులు, కింద దాన్ని మోసే షీట్లు, ఇనుప గుంజలు (సెంట్రింగ్, జాకీలు) ఇంకా ఉన్నాయి. పొద్దున సెంట్రింగ్ మేస్త్రీ వచ్చి, రేపు జాకీలన్నీ లాగేస్తాం సార్, ఇంకో సైట్‌లో స్లాబ్ ఉంది అన్నాడు. వద్దన్నాను. ఇరవై ఏళ్ళ నుంచి చేస్తున్నా, నా చేతి కింద ఒక్క స్లాబూ పడలేదు అని అందరి ముందూ అనేశాడు. ఆయనకు మా నాన్న వయసు ఉంటుంది, ఏం మాట్లాడాలో తెలియలేదు. నేను కూలీలకు నేరుగా చెప్తే వాళ్ళు మేస్త్రీ ముఖం చూస్తారు తప్ప కదలరు. రాడ్ బెండింగ్ వాళ్ళు ఒడిశా నుంచి వచ్చారు, నాకు హిందీ అంతంత మాత్రం. గట్టిగా అంటే పని వదిలేసి పోతారేమోనని భయం, ఊరుకుంటే స్లాబ్‌కు ఏమవుతుందోనని టెన్షన్. చిన్న గదులు 12 అడుగులు, హాలు 16 అడుగులు, ఒక బీము 21 అడుగులు ఉంది. పీపీసీ (ఫ్లైయాష్ కలిపిన) సిమెంట్ వాడాం.

జవాబు (సూపర్‌వైజర్, మియాపూర్)

తమ్ముడూ, ముందు ఓనర్‌కూ స్ట్రక్చరల్ ఇంజనీర్‌కూ ఇప్పుడే ఫోన్ చెయ్, ఆ తర్వాత అదే మాట వాట్సాప్‌లో రాసి పంపు, స్లాబ్ పోసిన తేదీ, ఆయన తీస్తానంటున్న తేదీ రెండూ అందులో ఉండాలి. ఇది నువ్వు ఒక్కడివే మోయాల్సిన బరువు కాదు.

ఇక లెక్క. కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు ఓపీసీ సిమెంట్‌కు, స్లాబ్ నాలుగున్నర మీటర్ల లోపు అయితే కింద జాకీలు 7 రోజులు ఉండాలి, దాటితే 14 రోజులు. బీముల కింద 6 మీటర్ల వరకు 14 రోజులు, దాటితే 21. నీ 16 అడుగుల హాలు నాలుగున్నర మీటర్లు దాటింది, ఆ 21 అడుగుల బీము ఆరు మీటర్లు దాటింది. పైగా పీపీసీ మొదట్లో నిదానంగా బలం పుంజుకుంటుంది కాబట్టి ఈ రోజులకు పైన వెళ్ళాలే కానీ తగ్గించే మాటే లేదు. బాల్కనీలు ఉంటే వాటి సంగతి వేరేగా స్ట్రక్చరల్ ఇంజనీర్‌నే అడుగు, వాటి జాకీలు తీసేటప్పుడు బయటి కొస నుంచి లోపలికి రావాలి. గదుల్లో అయితే మధ్య నుంచి మొదలుపెట్టి బీముల వైపు పోవాలి.

స్లాబ్ పడలేదు అన్న మాటకు నువ్వు తడబడనక్కర్లేదు. నేను కొత్తలో పనిచేసిన ఒక సైట్‌లో ఆరో రోజు జాకీలు లాగేశారు, ఏమీ పడలేదు, అందరం ఊపిరి పీల్చుకున్నాం. నెల తర్వాత ప్లాస్టరింగ్‌కు ముందు సీలింగ్ కింద ఈ గోడ నుంచి ఆ గోడకు దారం పట్టి చూస్తే హాలు మధ్యలో స్లాబ్ దారాన్ని కిందికి నొక్కేస్తోంది, గోడల దగ్గర మాత్రం దారానికీ స్లాబ్‌కూ మధ్య రెండు వేళ్ళు దూరాయి. ఆ ఇల్లు కొనుక్కున్న వాళ్ళకు ఆ విషయం ఎప్పటికీ తెలియదు. నాకు మాత్రం ఇప్పటికీ ఆ దారం గుర్తుంది.

జవాబు (సెంట్రింగ్ మేస్త్రీ, నారాయణపేట)

సార్, నేనూ సెంట్రింగ్ పనే చేస్తా. ఆయన చేస్తానన్నది తప్పే, అందులో రెండో మాట లేదు, కానీ ఎందుకు అంటున్నాడో కూడా చూడండి. మాది అడుగు లెక్కన రేటు. జాకీలు, షీట్లు కిరాయికి తెస్తే రోజు గడిచే కొద్దీ కిరాయి పడుతూనే ఉంటుంది, సామాను ఒక సైట్‌లో ఇరుక్కుంటే రెండో సైట్ చేజారిపోతుంది, నా వెనక పద్నాలుగు మంది ఉన్నారు, వాళ్ళకు వారం వారం బట్వాడా నేనే ఇయ్యాలె. పని ఒప్పుకునే రోజున ఎన్ని రోజులు జాకీలు ఉండాలి, ఎక్కువ రోజుల కిరాయి ఎవరిది అని ఏ ఓనరూ మాట్లాడడు. ఆ మాట ముందే కాగితం మీద పెడితే సగం గొడవలు ఉండవు.

ఇప్పుడైనా ఆయన్ను పక్కకు పిలవండి, నలుగురిలో కాదు. నలుగురిలో అడిగితే ఆయనకు తన ముఠా ముందు తగ్గడం కష్టం. హాలు కింద, బీము కింద ఉన్న జాకీలకు ఎక్కువ రోజుల కిరాయి ఓనర్‌తో ఇప్పిస్తానని చెప్పండి, చిన్న గదుల సామాను గడువు అయ్యాక, ఇంజనీర్ ఒప్పుకుంటే, ముందు తీసుకుపొమ్మనండి. వింటాడు.

ఇంకొకటి, మా పిల్లలకు నేరుగా పని చెప్పకండి. నేను ఒకటి చెప్పి మీరు ఇంకొకటి చెప్తే వాడు ఇద్దరి దగ్గరా తిట్లు తింటాడు. ఏదున్నా నాకు చెప్పండి, నేను చేయిస్తా. ప్రాణం మీదికి వచ్చేది ఏదైనా కనబడితే మాత్రం ఎవరికైనా సరే మీరే అరిచి ఆపండి, ఆ రోజు ఏ మేస్త్రీ ఏమీ అనుకోడు.

జవాబు (సైట్ ఇంజనీర్, మధురవాడ)

పైన మేస్త్రీ గారు చెప్పింది నిజం, నేను కూడా ఏడేళ్ళలో నేర్చుకున్నది అదే. ఒక్కటి మాత్రం కలుపుతాను, ఒట్టి మాట మీద వదలకు తమ్ముడూ. మేస్త్రీ బిల్లు మీద నువ్వు సంతకం పెట్టే ముందు పని చూడాలి, తేడా ఉంటే ఆ బిల్లులో ఆపమని ఓనర్‌కు చెప్పాలి. కానీ కూలీల వారం డబ్బులు ఎప్పుడూ ఆపనివ్వకు. తప్పు ఒకరిది అయితే వంటసరుకులు లేక ఇబ్బంది పడేది ఇంకొకరు అవుతారు.

నేను చేసే చిన్న పని ఒకటి చెప్తాను. స్లాబ్ పోసిన మర్నాడే కింద ప్రతి గదిలో కాలమ్ మీద రంగు సుద్దతో రెండు తేదీలు పెద్దగా రాస్తాను, పోసింది, తీయాల్సింది. చదువు రాని వాళ్ళు కూడా అంకెలు చదువుతారు. తీసే ముందు మేస్త్రీ మనుషులే వచ్చి, మేడమ్ ఈరోజు తేదీ వచ్చింది అంటారు. అప్పుడు వాదించాల్సిన పని నాకు ఉండదు.

ఒడిశా వాళ్ళ విషయంలో భాష కోసం ఆగొద్దు. మా దగ్గర కమ్మీ షీట్‌కు తగలకుండా కింద పెట్టే చిన్న కవర్ బ్లాకులు మనుషులు తొక్కి తొక్కి పక్కకు జరిగిపోయేవి. ఎన్నిసార్లు చెప్పినా తల ఊపేవాళ్ళు. ఒకరోజు సాయంత్రం వాళ్ళ పెద్దను పిలిచి షీట్ మీద ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చున్నాం, ఫోన్ లైట్ అడ్డంగా పట్టాను, కమ్మీ వెళ్ళి షీట్‌ను తాకుతోంది. ఒక బ్లాకు తీసి కింద దూర్చి, 20 ఎంఎం అని వేళ్ళతో చూపించాను. ఆయన ఏమీ మాట్లాడకుండా చేతినిండా బ్లాకులు తెచ్చుకుని ఆ చివర నుంచి మొదలుపెట్టాడు. తర్వాతి స్లాబ్‌కు నేను చెప్పకముందే ఆయనే నన్ను పిలిచి చూపించాడు. ఆయన పేరు, ఊరు అడిగి తెలుసుకో, పేరు పెట్టి పిలువు. అది చాలా దూరం పోతుంది.

మళ్ళీ అడిగిన వారు

అందరికీ చేతులెత్తి దండం. నిన్న సాయంత్రం మేస్త్రీ గారిని పక్కకు తీసుకెళ్ళి మాట్లాడాను. ఓనర్ కిరాయికి ఒప్పుకున్నారు. బీము, హాలు కదిపేది లేదు, చిన్న గదులకు స్ట్రక్చరల్ ఇంజనీర్ పది రోజులు చెప్పారు. ఈ మాట మొదట్లోనే అని ఉంటే అయిపోయేది కదా సార్ అన్నాడాయన. సుద్దతో తేదీలు కూడా రాశాను. ఇంకొక్క సందేహం. వచ్చే స్లాబ్‌కు రెడీమిక్స్ (ప్లాంట్‌లోనే కలిపిన కాంక్రీటు) బండ్లు వస్తాయి. కిందటిసారి మాలు గట్టిగా ఉందని మనవాళ్ళే డ్రైవర్‌తో నీళ్ళు కలిపించారు. ఎలా ఆపాలి?

జవాబు (సూపర్‌వైజర్, మియాపూర్)

ఆ రోజు బండి దగ్గర నువ్వే నిలబడు, పైకి వేరే వాళ్ళను పంపు. మాలు పైకి ఎక్కించే పంపుకు ఎంత స్లంప్ (మాలు ఎంత జారుడుగా ఉండాలి అన్న కొలత) కావాలో ముందు రోజే ప్లాంట్‌కు చెప్పు, బండి రాగానే స్లంప్ కోన్ పెట్టి చూడు. గట్టిగా ఉంటే ప్లాంట్ వాళ్ళ మనిషితో అడ్మిక్చర్ (మాలును జారుడుగా చేసే రసాయనం) వేయించు, పైపు నీళ్ళు మాత్రం ఒక్క బకెట్ కూడా వద్దు. బండిలో మాలు నింపిన టైము చలానాలో ఉంటుంది, రెండు గంటలు దాటితే వెనక్కి పంపు, ఓనర్ కోప్పడినా సరే. మాలును కుదిపి సర్దే వైబ్రేటర్ రెండోది కూడా సైట్‌లో ఉండాలి. పోస్తున్నంతసేపూ సెంట్రింగ్ మనిషి ఒకడు టార్చి, సుత్తి పట్టుకుని పక్క నుంచి కింద జాకీలు గమనిస్తూ ఉండాలి, ఏదైనా జారినట్టు కనిపిస్తే ముందు పైన పోత ఆపించాలి. కిందకు ఎవర్ని పెడుతున్నాడో మేస్త్రీని ముందు రోజే అడిగి రాసుకో.