ఒక్క కథే అనువదించాలంటే: ఏనుగు గోపురమా, బావిలోని రంగా?

చావడి పెద్ద:
ఈ ఏటి మన సంచికలో ‘వియర్డ్ టేల్స్’ తరం కథ ఒకదాని అనువాదానికి నలభై పుటలు కేటాయించాము. 1923 మార్చి సంచికతో మొదలై, ముతక కాగితం మీద అచ్చవుతూ 1954 దాకా ఎలాగో నెట్టుకొచ్చిన ఆ అమెరికన్ పత్రిక రచయితలలో మీకు అన్నిటికంటే ఇష్టమైన కథ ఏదో, దానిని తెలుగులోకి ఎందుకు తేవాలో చెప్పండి. ఒక్కొక్కరికి ఒక్క కథే. జాబితాలు వద్దని మనవి.

పాతసంచిక:
నాకు ఆలోచించవలసిన పని లేదు. రాబర్ట్ ఇ. హోవర్డ్ రాసిన ‘ది టవర్ ఆఫ్ ది ఎలిఫెంట్’, 1933 మార్చి సంచిక. ఈ కథానాయకుడు కోనన్ అనగానే కండలూ కత్తీ మాత్రమే గుర్తుకు వచ్చేవారు ఈ కథ చదవలేదనే అనుకుంటాను. కొండల నుంచి పట్నానికి కొత్తగా వచ్చిన కుర్రవాడొకడు, యారా అనే మాంత్రికుని గోపురంలోని మణిని కాజేయడానికి రాత్రివేళ దానిని ఎక్కుతాడు. లోపల అతనికి ఎదురయ్యేది పచ్చని ఒళ్లు, ఏనుగు తల ఉన్న ఒక జీవి. కళ్లు పోయాయి, చిత్రహింసలకు కాళ్లూ చేతులూ వంకర్లు తిరిగిపోయాయి. యాగ్ అనే గ్రహం నుంచి రెక్కలతో ఎగిరివచ్చి, ఒకప్పుడు తూర్పు అడవులలో దేవుడిగా పూజలందుకొని, చివరకు తాను విద్య నేర్పిన శిష్యుని చేతిలోనే బందీ అయినవాడు. ఆ గుడ్డి జీవి తొండం చాచి కుర్రవాని ముఖాన్నీ భుజాలనూ తడుముతుంది. ఆ స్పర్శ ఆడపిల్ల చేయి తగిలినంత తేలికగా ఉందంటాడు హోవర్డ్. అంతవరకు వణికిపోతున్న దొంగకు, మనుష్యజాతి మొత్తం చేసిన పాపం తన నెత్తిన పడినట్టు సిగ్గు కలుగుతుంది. తెల్లవారేసరికి గోపురం కూలుతుంది, అతడు ఉత్త చేతులతో వెళ్లిపోతాడు. ఇది అచ్చయ్యేనాటికి టెక్సస్‌లోని క్రాస్ ప్లెయిన్స్ అనే చిన్న ఊళ్లో ఉంటున్న హోవర్డ్‌కు ఇరవై ఏడేళ్లు. ఇంకో మూడేళ్లకు అతడు లేడు.

సంధ్యాదీపం:
క్లార్క్ ఆష్టన్ స్మిత్, ‘ది ఎంపైర్ ఆఫ్ ది నెక్రోమాన్సర్స్’, 1932. లేపిన శవాలచేత ఊడిగం చేయించుకున్న ఇద్దరు మాంత్రికుల మీద ఆ శవాలే తిరగబడే కథ. స్మిత్ వాక్యాలను మోయడానికి మన సమాసాలు తప్ప మరొకటి పనికిరాదు. గ్రాంథికానికి ఈ జన్మలో మళ్లీ ఇటువంటి అవకాశం రాదు.

మిట్టపొలం:
లవ్‌క్రాఫ్ట్ ‘ది కలర్ అవుట్ ఆఫ్ స్పేస్’. నేహమ్ గార్డ్‌నర్ అనే రైతు బావి పక్కన 1882 జూన్‌లో ఒక ఉల్క పడుతుంది. విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఆచార్యులు ముక్క తీసుకువెళ్లి కాల్చి, ఆమ్లాలలో వేసి పరీక్షిస్తారు. అది కరిగి మాయమవుతుందే తప్ప ఏమిటో తేలదు. ఆ ఏడు పండ్లు ఎన్నడూ లేనంత పెద్దవిగా, నిగనిగలాడుతూ కాస్తాయి, కొరికితే చేదు. గాలి లేకుండానే చెట్ల కొమ్మలు కదులుతాయి. గడ్డి బూడిద రంగుకు తిరిగి పొడి అయిపోతుంది. తరువాత పశువులు, ఆ తరువాత మనుషులు. పొరుగున ఉన్న అమ్మీ పియర్స్, ఈ నీరు మంచిది కాదు, ఎత్తున మరో బావి తవ్వుకో అని చెబుతాడు. నేహమ్ వినడు, ఆ ఇంటిల్లిపాదీ అదే నీరు తాగుతూ ఉంటారు.

నాది నల్గొండ జిల్లా. మా నాయనమ్మ నడుము నేలకు సమాంతరంగా వంగిపోయి ఉండేది. ఆమె మా ముఖాలను చూడాలంటే గోడకు ఆనుకొని తల పక్కకు తిప్పవలసి వచ్చేది. అందుకు కారణం మా ఊరి నీళ్లు. ఈ కథను పరాయి కథగా చదవడం నాకు చేతకాదు.

అచ్చుతప్పు:
మిట్టపొలం గారూ, ఆ కథ ‘వియర్డ్ టేల్స్’లో రాలేదు. 1927 సెప్టెంబరులో ‘అమేజింగ్ స్టోరీస్’లో వచ్చింది. నియమం ప్రకారం అది పోటీలోనే లేదు.

మిట్టపొలం:
నియమంలో ‘తరం’ అన్న మాట ఉన్నది. అదే మనిషి, అదే కాలం, అదే ముతక కాగితం.

అచ్చుతప్పు:
‘తరం’ అంటే పత్రిక తరమా, రచయితల తరమా అన్నది తేలాలి. అయినా ‘అమేజింగ్ స్టోరీస్’ నడిపిన హ్యూగో గెర్న్స్‌బాక్ ఆ కథకు ఇచ్చింది ఇరవై అయిదు డాలర్లు. అదీ ఉత్తరం మీద ఉత్తరం రాయించుకున్న తరువాత. లవ్‌క్రాఫ్ట్ ఆయనకు ‘ఎలుక’ అని పేరు పెట్టి, మళ్లీ ఆ గడప తొక్కలేదు. రచయితే తెంచుకున్న సంబంధాన్ని మీరు కలపకండి.

నీలాకాశం:
ఇంతవరకు ఒక్క స్త్రీ పేరు రాలేదని ఎవరైనా గమనించారా? సి.ఎల్. మూర్ రాసిన ‘షాంబ్లో’, 1933 నవంబరు. అంగారకుని మీద అల్లరిమూక తరుముతున్న ఒక అమ్మాయిని నార్త్‌వెస్ట్ స్మిత్ కాపాడి గదికి తెచ్చుకుంటాడు. ఆమె తలపాగా విప్పినప్పుడు కింద ఉన్నది జుట్టు కాదు. కాపాడినవాడే ఇష్టపడి ఉచ్చులో ఉండిపోతాడు. పైన చెప్పిన పెద్దమనుషుల కథలలో కోరిక అనేదే లేదు, భయం ఒక్కటే ఉన్నది. ఆడపేరు చూస్తే పత్రికలు తిప్పి పంపుతాయని పాపం ఆమె పొడి అక్షరాల వెనుక దాక్కోవలసి వచ్చింది.

అచ్చుతప్పు:
అది అందరూ చెప్పుకొనే కట్టుకథ. ఆమె ఇండియానాపొలిస్‌లో ఒక బ్యాంకులో ఉద్యోగి. పై సంపాదన ఉన్నదని తెలిస్తే ఆ మాంద్యం రోజులలో ఉద్యోగం ఊడుతుందని పొడి అక్షరాలు వాడినట్టు ఆమే చెప్పింది. పోతే, ఆమె 1987లో మరణించింది. మన చట్టం ప్రకారం రచయిత పోయిన తరువాత అరవై ఏళ్లు హక్కులు ఉంటాయి కనుక, 2047 వెళ్లేదాకా అనుమతి లేకుండా ముట్టుకోలేము. హోవర్డ్ 1936లో, లవ్‌క్రాఫ్ట్ 1937లో, స్మిత్ 1961లో పోయారు. ఆ ముగ్గురివీ వాడుకోవచ్చు.

నీలాకాశం:
అంటే ఎక్కువ కాలం బతకడం ఆమె చేసిన తప్పు. మంచిది.

వేపచెట్టు:
లవ్‌క్రాఫ్ట్ పేరు ఎత్తేముందు ‘ది కాల్ ఆఫ్ కథుల్హూ’లో ముసలి ఆచార్యుడు ఎవరు తోసుకొని వెళ్లిన తరువాత చనిపోయాడో చదవండి. ఓడ మనిషిలా కనిపించిన ఒక నల్లవాడు. లవ్‌క్రాఫ్ట్ కళ్లకు మీరూ నేనూ ఆ వరుసలోనివారమే.

పాతసంచిక:
కాదనను. హోవర్డ్ కూడా ఆ విషయంలో కడిగిన ముత్యం కాడు. ‘బ్లాక్ కెనాన్’ చదివితే తెలుస్తుంది. అయితే గోపురం కథలో, ఎక్కడి నుంచో వచ్చిన వింత రూపం భయపెట్టేది కాదు, బాధపడేది. ఆ రోజులలో అది మామూలు సంగతి కాదు.

మిట్టపొలం:
గోపురం కథలో సింహాలు, పెద్ద సాలీడు, నగల పెట్టె, మాంత్రికుడు ఉన్నారు. చందమామ సీరియళ్లతో పెరిగిన మన పాఠకునికి ఇందులో కొత్తగా దొరికేదేమిటి? నా కథలో మాంత్రికుడు లేడు, శాపం లేదు, తప్పు చేసినవాడూ లేడు. చివరకు ఆ లోయను ముంచి పట్నానికి మంచినీటి జలాశయం కడతారు. కథ చెప్పే సర్వేయరు తాను ఆ నీరు తాగనని మాత్రం అంటాడు. జలాశయాల కింద ఊళ్లకు ఊళ్లు పోగొట్టుకున్నవాళ్లం మనం. అందుకే పేర్లు మార్చి, బావిని మా వైపు మెట్టపొలంలో పెట్టి, నేహమ్‌ను మా ఊరి రైతుగా రాస్తే ఈ కథ తెలుగులోనే పుట్టినట్టు ఉంటుంది. నేను పది పుటలు అలా రాసి పెట్టుకున్నాను కూడా.

పాతసంచిక:
ఇప్పుడు అసలు సంగతి బయటపడింది. ఇరవై ఏళ్ల క్రితం గోపురం కథను తెలుగు చేసి ఒక వారపత్రికకు పంపాను. అనువాదం బాగున్నది, ఏనుగు తలను సింహం తలగా మార్చండి, పాఠకుల మనసు నొచ్చుకుంటుందని సంపాదకుడు జవాబు రాశారు. ఆ తల చూడగానే మన చేతులు అప్రయత్నంగా జోడించుకుంటాయి, మరుక్షణం ఆ కళ్లు లేకపోవడం కనిపిస్తుంది. ఇంగ్లీషు పాఠకునికి లేని ఆ దెబ్బ తెలుగువానికి ఉన్నది. దానినే తీసేయమన్నారు. నేను కథను వెనక్కి తెచ్చుకున్నాను, అది ఈనాటికీ నా బీరువాలోనే ఉన్నది. మీరు చేస్తున్నది ఆ సంపాదకుడు చేయమన్న పనే. ఆయన నొప్పి తగలకూడదని మార్చమన్నారు, మీరు నొప్పి తగలాలని మారుస్తున్నారు.

మిట్టపొలం:
మీ బీరువాలోని కాగితాల కోపాన్ని మా బావి మీద చూపించకండి. 1927లో ఆ కథ చదివిన మసాచుసెట్స్ పాఠకునికి ఆ పొలం పొరుగు పొలం. మన పాఠకునికి అది సముద్రాల అవతలి వింత అయితే, కథలోని సగం భయం ఓడలోనే మిగిలిపోతుంది. మూలానికి విధేయత అని మీరు అంటున్నది, మూలం తన పాఠకునికి ఇచ్చినదానిని మన పాఠకునికి ఇవ్వకపోవడమే.

పాతసంచిక:
మీ నాయనమ్మ గారి కష్టాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, దయచేసి అలా తీసుకోకండి. కాని మీ ఊరి నీటిలోని విషానికి ఒక పేరున్నది, కొలత ఉన్నది, కారణం ఉన్నది. లవ్‌క్రాఫ్ట్ కథకు ప్రాణం, ఆ మూడూ లేకపోవడం. దానిని రంగు అనడం కూడా పోలికకే తప్ప నిజానికి అది రంగే కాదని ఆయనే రాశాడు. మీరు నల్గొండ అన్న మరుక్షణం పాఠకుడు ‘ఓహో, ఫ్లోరైడ్’ అని ఊపిరి పీల్చుకుంటాడు. అక్కడితో కథ అయిపోయింది.

మిట్టపొలం:
పేరు తెలిస్తే భయం పోతుందని మీరు అనుకుంటున్నారు. మా ఇంట్లో పేరు తెలిసింది, కొలత తెలిసింది, పళ్ల మీద గారలు ఎందుకో బడిలో పాఠంగా కూడా చెప్పారు. తెలిసిన తరువాత కూడా కృష్ణా నీళ్లు వచ్చేదాకా అదే నీరు తాగాము, ఎందుకంటే వేరే నీరు లేదు. నేహమ్ ఇంకో బావి ఎందుకు తవ్వుకోలేదని విమర్శకులు ఆశ్చర్యపోతారు. నేను ఆశ్చర్యపోలేదు.

వేపచెట్టు:
దీని తరువాత ఏమి రాయాలో తోచడం లేదు.

అచ్చుతప్పు:
నాకు తోచింది. పేరును ‘అంతరిక్ష వర్ణం’ అని ఎవరూ పెట్టకండి. వర్ణం అనగానే మనవారికి కులమే గుర్తుకు వస్తుంది. రంగు చాలు. ‘తరం’ సంగతి మాత్రం ఇంకా తేలలేదు.

చావడి పెద్ద:
రచయితల తరమనే నా ఉద్దేశం. అస్పష్టంగా రాసినందుకు మన్నించండి. మిట్టపొలం గారు ఊరు మార్చకుండా, మాట మాత్రం తమ ప్రాంతపు మాటగా ఉంచి ఒక నమూనా ఇవ్వగలరా? పాతసంచిక గారు బీరువా తెరిచి రెండు పుటలు పంపితే పక్కపక్కన పెట్టి చూద్దాము.

మిట్టపొలం:
ఊరు మార్చకుండా అన్న షరతుకు నేను ఒప్పుకోలేదు, అయినా ప్రయత్నించాను. చిన్నవాడు మెర్విన్ రాత్రి నీళ్లకు వెళ్లి తిరిగి రాని చోటు ఇది: ‘తెల్లారినంక నేహమ్ బాయి కాడికి పోయి చూసిండు. పిల్లగాడు లేడు. లాంతరు నలిగి ముద్దయి పడున్నది. దాని పక్కన బొక్కెన కరిగి, చల్లారి, మళ్ల గడ్డకట్టినట్టున్నది.’

పాతసంచిక:
‘తెల్లారినంక’ బాగున్నది, ఇంత బాగుంటుందని నేను అనుకోలేదు. అయితే మూలంలో కరిగింది బొక్కెన కాదు. సగం కరిగి కనిపించేవి దాని పిడి, ఇనుప పట్టీలు మాత్రమే; వాటిని బట్టి అది బొక్కెన అయి ఉండవచ్చునని ఊహిస్తారు. పట్టీలు వేశారంటే అది కొయ్య బొక్కెన. ఆ కొయ్య ఏమైందో లవ్‌క్రాఫ్ట్ చెప్పలేదు, మీరూ చెప్పకండి. గోపురం పుటలు రేపు పంపుతాను, కాగితం పెళుసెక్కింది, జాగ్రత్తగా విప్పాలి.