…టాటోపో భయంకరః: ఆ మొదటి అక్షరం ఏది?

పాచికలు (విజయనగరం): మా పాచికలాట బృందం టోల్కీన్ ‘హాబిట్’ చదువుతోంది. 19 అధ్యాయాల్లో ఈ ఆదివారం పన్నెండోది. బిల్బో ఉంగరం పెట్టుకుని, కనబడకుండా గుహలోకి దిగి స్మౌగ్ అనే డ్రాగన్‌తో మాటలు కలిపే ఘట్టం. దానికి తోడుగా ఆటలో వాడుకునే డ్రాగన్ కార్డుని తెలుగులో వేస్తున్నాం. మేం ఆడే ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 2014 నాటి అయిదో కూర్పులో పెద్ద డ్రాగన్లకి ఒక శక్తి ఉంది. నిప్పు కక్కక్కర్లేదు, పంజా విసరక్కర్లేదు. 120 అడుగుల లోపల ఉన్నవాళ్ళకి చూడగానే గుండె జారిపోవాలి. దీనికి పేరు కావాలి. నాలుక మీద ఒక శ్లోకం తోక ఆడుతోంది: ‘విషం భవతు మా వాస్తు …టాటోపో భయంకరః’. ఆ మొదటి అక్షరం ఫ-నా, ఘ-నా, ప-నా? అర్థం తెలుసు, అక్షరం చెప్పండి చాలు.

అయ్యకోనేరు: ఫ. ఇందులో సందేహం ఏముందండీ? పైపాదంలోనే పడగ ఉంది: ‘నిర్విషేణాపి సర్పేణ కర్తవ్యా మహతీ ఫణా’, విషం లేని పామైనా పెద్ద పడగ విప్పాలి అని. ఫట అన్నా ఫణ అన్నా పడగే. ఫటాటోపం అంటే పడగ విప్పి ఉబ్బడం. మనం రోజూ అనే ‘పటాటోపం’ దీని బిడ్డే, ఒత్తు రాలిపోయింది.

నాగావళి (శ్రీకాకుళం): అంత తొందరగా తేల్చెయ్యకండి మాస్టారూ. ఈ శ్లోకం రెండు ఇళ్ళల్లో కాపురం చేస్తోంది. పంచతంత్రంలో మూడో పాదం ‘విషం భవతు మా వాస్తు’, నాలుగోది ‘ఫటాటోపో’. చాణక్యనీతి తొమ్మిదో అధ్యాయంలో మూడో పాదం ‘విషమస్తు న చాప్యస్తు’, నాలుగోది ‘ఘటాటోపో’. కొన్ని ప్రతుల్లో ‘ఫణాటోపో’ కూడా ఉంది. పాచికలు గారు మూడో పాదం ఒక ఇంటిది పట్టుకుని, నాలుగోదానికి రెండిళ్ళ గుమ్మాల్లోనూ నిలబడ్డారు.

పాచికలు: అందుకే తేలట్లేదన్నమాట. మా వాళ్ళలో ఒకరు ‘మా వాస్తు’ అంటే మన ఇంటి వాస్తు అనుకున్నారు, అది వేరే కథ.

నాగావళి: మా, వా, అస్తు. ‘ఉండనీ, లేకపోనీ’. డ్రాగన్ గుహకి ఈశాన్యం మూల ఎవడూ అడగడు లెండి.

గంటస్తంభం: ఛందస్సు దగ్గరికి పోవద్దని ముందే మనవి. అనుష్టుప్పులో అయిదో అక్షరం లఘువు, ఆరోది గురువు కావాలి. అవి ‘భయం’లో ఉన్నాయి. గొడవ మొదటి రెండక్షరాల్లో. ఫటా, ఫణా, ఘటా మూడూ లఘువు మీద గురువే. ఛందస్సు ఇక్కడ సాక్ష్యం చెప్పదు. చెప్పగలిగేది చెవి ఒక్కటే. ‘ఫణా’ అని పాదం ముగించిన కవి, మరుసటి పాదం దాటగానే మళ్ళీ ‘ఫణా’ అని ఎత్తుకోడు. ఫటా-టోపో అంటే ట మీద ట పడి, పడగ ఫట్టుమని విచ్చుకున్న చప్పుడు వస్తుంది. నా ఓటు ఫటా.

నాగావళి: చెవిని సాక్ష్యం పెడితే నా చెవి ఘటా అంటుంది. గజఘట, మేఘఘట వినలేదా? ఘటా అంటే గుంపు, దండు, కమ్ముకొచ్చినది. హిందీవాళ్ళు కారుమబ్బుని ఇప్పటికీ ఘటా అనే అంటారు. స్మౌగ్ పద్నాలుగో అధ్యాయంలో సరస్సు ఊరి మీదకి వచ్చి పడేది పడగ విప్పుకుని కాదు, రెక్కలతో కమ్ముకుని. పాముకి ఫటాటోపం, రెక్కలున్నదానికి ఘటాటోపం.

అయ్యకోనేరు: శ్లోకంలో ఉన్నది పాము. రెక్కలు మీరు అతికించారు.

చంపావతి: ఘ మీదే ఉండండి, బాగుంది. ఎందుకంటే డ్రాగన్‌కి తెలుగులో ఘ-తోనే మాట ఉంది: ఘటసర్పం. తెలుగు బైబిల్ ప్రకటన గ్రంథం పన్నెండో అధ్యాయంలో ‘యెఱ్ఱని మహాఘటసర్పము’, ఏడు తలలు, పది కొమ్ములు. కన్నడ బైబిల్లోనూ ఘటసర్పమే. మీ కార్డు మీద ఉన్నదీ ఎర్ర డ్రాగనే అయితే పేరు ఘటసర్పం, శక్తి ఘటాటోపం. ఎత్తుగడ కలిసిపోయింది, ఇంకేటి కావాలి?

గంటస్తంభం: ఘటసర్పంలో ఘట ఏమిటో చెప్పి అప్పుడు కలపండి. కుండలో పామా? పామున్న కుండలో ఉంగరమో నాణెమో వేసి, నేరం మోపినవాడి చేత చేత్తో తీయించేవారు. కాటు పడకపోతే నిర్దోషి. విషంతో పెట్టే దివ్యపరీక్షల్లో అదొక రకం. ఆ కుండలో పట్టే పాము ఎంతుంటుంది? పర్వతం కింద హాలు నిండా పడుకున్నదానికి ఆ పేరు ఎలా పెడతారు?

చంపావతి: ఘటం అంటే ఒళ్ళు కూడాను. ‘వాడో ఘటం’ అంటే కుండ అనా అర్థం? పెద్ద ఒళ్ళున్న పాము ఘటసర్పం.

నాగావళి: ఒళ్ళూ కాదు, పరీక్ష కుండా కాదు. నా లెక్క వేరు. లంకెబిందెల మీద కాపలా ఉండే పాము. ఘటం నిండా ధనం, దాని చుట్టూ సర్పం. స్మౌగ్ చేసే పని అదే కదా! తినడు, తొడగడు, ఖర్చు పెట్టడు, పడుకుంటాడు. బిల్బో ఒక్క గిన్నె ఎత్తుకుపోతే లేచి కొండంతా తగలబెట్టాడు. లెక్క తప్పలేదన్నమాట. ఇంతకన్నా తెలుగు పాము ఎక్కడ దొరుకుతుంది?

అయ్యకోనేరు: కవితగా బాగుంది. వ్యుత్పత్తిగా గాలిమేడ. మరాఠీలో ఘటసర్ప అంటే గొంతువాపు జబ్బు, డిఫ్తీరియా. పశువులకొచ్చే గురకవ్యాధికీ అదే పేరు. ఆ లెక్కన అది ఘట కాదు, ఘాటా, అంటే మెడ వెనక భాగం అని వాదించొచ్చు. నేనైతే ఇంకో మాట అంటాను: అసలు ఫటసర్పమే, లేఖకుడి చేతిలో ఫ కాస్తా ఘ అయింది. చాణక్యనీతిలో ఘటా వచ్చిందీ ఆ దారినే.

గంటస్తంభం: ఏ లేఖకుడు? ఏ లిపిలో? తెలుగు లిపిలో ఫ, ఘ పోలుతాయని నాగరిలో ఉన్న పాఠాన్ని దిద్దలేం. నాగరిలో ఆ రెండక్షరాలకీ పోలిక తక్కువ.

అయ్యకోనేరు: ఆ శ్లోకం తెలుగు, గ్రంథ లిపుల తాటాకుల మీదా ఉంది స్వామీ.

కార్డుముక్క (బొబ్బిలి): పాఠం సంగతి మీరు చూసుకోండి, అచ్చు సంగతి నేను చెప్తాను. కార్డు కొలత 63 మిల్లీమీటర్లకి 88. పేరు పట్టీలో తెలుగు ఎనిమిది పాయింట్లకి దింపితే ఫ కింద గీత పలచబడి ప అయిపోతుంది. ఘ లోపలి సందు సిరాతో పూడుకుపోతుంది. అప్పుడు మీరు ఏది తేల్చినా చదివేవాడికి పటాటోపమే. 8, 10, 12 పాయింట్లలో ఒకే కాగితం మీద అచ్చు తీసి, ట్యూబులైటు కింద చెయ్యి చాచినంత దూరంలో పెట్టి చూడండి. పది కన్నా తగ్గించొద్దు. వరుసకీ వరుసకీ దూరం అక్షరం కొలతకి ఒకటిన్నర రెట్లు ఉంచండి, లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడుల్లో చిక్కుకుంటాయి. పాత పుస్తకాల స్కాన్లలో ఈ శ్లోకం వెతికేవాళ్ళు కూడా ఫ, ఘ, ప మూడూ వేరువేరుగా కొట్టాలి. యంత్రం చదివిన పాఠంలో ఈ మూడూ ఒకదాని ఇంట్లో ఒకటి దూరుతుంటాయి.

చంపావతి: ఇంకో చిక్కు. ఆట నడిపేవాడు పైకి చదవాలి. ఇప్పటి పిల్లలు ఫలం, ఫణి అన్నీ ఫ్యాన్‌లో ఫ లాగే పళ్ళ మధ్య నుంచి ఊదుతున్నారు. ఫటాటోపం అలాగ పలికితే పాము కాదు, సైకిలు ట్యూబు గాలి పోయినట్టుంటుంది. పెదాలు మూసి, ప-కి ఊపిరి తగిలించాలి.

పాచికలు: పోనీ ఒత్తు తీసేసి ‘పటాటోపం’ అని తెలుగు మాటే పెట్టేస్తే?

గంటస్తంభం: పెడితే భయం పోయి డాబు మిగులుతుంది. పెళ్ళిలో పటాటోపం, ఎన్నికల్లో పటాటోపం. ఆ మాట వింటే ఎవడికి గుండె జారుతుంది? ఆ శక్తికి తట్టుకోవాలంటే ముదురు ఎర్ర డ్రాగన్ దగ్గర లక్ష్యం 19. వివేకానికి +2 ఉన్నవాడికి ఇరవై ముఖాల పాచిక మీద 17 కానీ ఆ పైన కానీ పడాలి, అంటే అయిదింట ఒక్కసారి. పడకపోతే డ్రాగన్ వైపు అడుగు వెయ్యలేడు, అది కళ్ళెదురుగా ఉన్నంతసేపూ కొట్టే దెబ్బకి రెండు పాచికలు వేసి తక్కువదే లెక్కపెట్టాలి. ఒక నిమిషం, పది వంతులు, ఇదే బాధ. ప్రతి వంతు చివరా మళ్ళీ పాచిక వేసుకోవచ్చు, ఒకసారి గెలిస్తే 24 గంటలు ఇంక ఆ డ్రాగన్ భయం అంటదు. ఇది డాబా?

నాగావళి: కానీ డాబే స్మౌగ్ ప్రాణం తీసింది. బిల్బో పొగుడుతుంటే ఉబ్బి, వజ్రాలు అతుక్కున్న పొట్ట చూపిద్దామని పొర్లాడు. ఎడమ రొమ్ము మీద బోసి చోటు అప్పుడే కదా బిల్బో కంట పడింది? ఆ కబురు పిట్ట చెవిన పడి సరస్సు ఊరి విలుకాడు బార్డ్ బాణం దాకా పోయింది. పడగ విప్పితేనే కొట్టాల్సిన చోటు తెలుస్తుంది. అక్కడ పటాటోపమే సరైన మాట.

అయ్యకోనేరు: అసలు ఈ శ్లోకమే స్మౌగ్‌కి తగదు. ఇది విషం లేని పాముకి చెప్పిన బుద్ధి. ఆ ఎర్ర డ్రాగన్ ఊపిరి 60 అడుగుల దాకా, ఆరు ముఖాల పాచికలు 18. ‘విషం ఉండనీ లేకపోనీ’ అనడానికి వీల్లేదు, ఉంది. ఈ పేరు పెట్టాల్సింది నిప్పు లేని బొమ్మ డ్రాగన్‌కి.

కోటగుమ్మం: ఆకాశంలో హేలీ తోకచుక్కని చూసి జనం హడలిపోయిన ఏడాది, 1910, మన ఊళ్ళో కూర్చుని ఆ హడలుని పువ్వుగా మార్చిన గురజాడని వదిలేసి చాణక్యుడి చుట్టూ తిరుగుతున్నారేంటండీ? ‘ధూమకేతువు కేతువనియో మోము చందురు డలిగి చూడడు / కేతువా యది? వేల్పు లలనల కేలి వెలితొగ కాంచుమా’. పొగ జెండాగా గలది ధూమకేతువు. స్మౌగ్‌కి ఇంతకన్నా బిరుదు ఉందా? మూడు నాలుగు మాత్రల నడకలో ఎంత తేలిగ్గా పోయిందో చూడండి: ధూమ-కేతువు-కేతు-వనియో.

గంటస్తంభం: ‘కేలి’ని చాలామంది కేళి అనుకుని ఆటపువ్వు అంటారు. కేలు, చెయ్యి. దేవకన్యల చేతిలోని తెల్లకలువ.

కోటగుమ్మం: ళ కాదు ల అని చెప్పడానికి గురజాడ మనకి మాత్రలు ఇవ్వలేదు కదా, రెండూ మూడు మాత్రలే. కానీ మీ మాటే నిజం. ఇంకో సొగసు చూడండి. తొగ అంటే కలువ, చంద్రుడు తొగరేడు. అలిగి చూడని ఇల్లాలి మోమనే చంద్రుడికి, నువ్వు కేతువనుకుని బెదిరింది నీ కలువనే అంటున్నాడు. శత్రువు అనుకున్నది చుట్టం. ఇది ఏ అనువాదంలోనూ దిగదు.

చంపావతి: దిగదు సరే, కార్డు?

కోటగుమ్మం: కార్డు మీద ‘ధూమకేతు’ అని వెయ్యండి. ఫ, ఘ రెండూ లేవు.

కార్డుముక్క: ధ ఉంది. ఎనిమిది పాయింట్లలో దాని కింద ఒత్తు కూడా పోతుంది.

వంశధార: మన్యంలో గిరినాగు (కింగ్ కోబ్రా) ఉండగా వీటన్నిటితో పనేటి? కొండ పాము, పద్దెనిమిది అడుగుల దాకా పెరుగుతుంది. ఆకులు పోగేసి గూడు కట్టి గుడ్ల మీద కాపలా ఉండే పాము అదొక్కటే. పోగు మీద కూర్చునే గుణం స్మౌగ్‌దీ అదే. పేరులోనే గిరి ఉంది, స్మౌగ్ ఉండే ఒంటరి కొండకి సరిపోయింది.

గంటస్తంభం: గిరినాగు నిజం జంతువు. ఆటలో దాన్ని చంపితే బంగారం వస్తుందని పిల్లలకి నేర్పొద్దు.

నాగావళి: స్మౌగ్ పేరు మాటకొస్తే, టోల్కీన్ 1938లో తనే చెప్పాడు: సందులోంచి దూరడం అనే అర్థమున్న పాత జర్మానిక్ ధాతువు స్ముగన్, దాని భూతకాలం అది. భాషాశాస్త్రజ్ఞుడి చిల్లర హాస్యం అని ఆయన మాటే. కాబట్టి పొగ తీసుకొచ్చి కేతువులు కట్టకండి. తెలుగులో స్మాగ్ అని రాసినా పొగమంచే అవుతుంది. ఔత్వం ఉండాలి: స్మౌగ్.

అయ్యకోనేరు: సందులో దూరినవాడంటే పాము పుట్టలో దూరడమే. మళ్ళీ పడగ దగ్గరికే వచ్చారు. ఫ.

పాచికలు: ఆ పన్నెండో అధ్యాయంలోనే ఇంకో మాట కూడా అడగాలి. బిల్బో తన బిరుదుల్లో ‘పీపాల మీద స్వారీ చేసినవాణ్ణి’ అంటాడు కదా, మా అనువాదంలో ఒకరు ‘ఘటారూఢుడు’ అని పెట్టారు.

చంపావతి: చెడింది. ఆ ఒక్క మాట పట్టుకునే స్మౌగ్ సరస్సు ఊరివాళ్ళ చెయ్యి ఉందని ఊహించి వాళ్ళ మీద పడతాడు. పీపాలు సరుకు మోసేవి, ఏటిలో తేలొచ్చేవి, ఆ వ్యాపారం ఆ ఊరిది. కుండ ఎక్కినవాడంటే స్మౌగ్‌కి అగస్త్యుడు గుర్తొస్తాడు కానీ సరస్సు ఊరు కాదు. పీపా అనే ఉంచండి.

నాగావళి: చూశారా, మళ్ళీ ఘటం. లంకెబిందెలని ఊరికే అన్లేదు.

గంటస్తంభం: లంకెబిందెలో ‘లంకె’ రెండు బిందెల్ని కలిపే గొలుసా, రెండు బిందెలూ ఒకే పోతగా చేసినదా? ముందది చెప్పండి, అప్పుడు పాము ఎక్కడ చుట్టుకుందో చూద్దాం.