దళంల దాచిన ప్రేమ: నవలల అసలు పేర్లు పెట్టొచ్చా?

కృష్ణపట్టె: మొన్న ఇక్కడ పెట్టిన తెలంగాణ సాయుధ పోరాటం నవల భాగం చదివిన. 1949, నల్లమలకు చేరిన దళం, నాయకునికి, చీటీలు మోసే కొరియర్ అమ్మాయికి నడుమ పార్టీకి తెల్వని ప్రేమ. ఇద్దరివీ అసలు పేర్లే. శ్రావణమాసంల రాత్రిపూట కందిలి వెలిగించుకొని పుట్టిల (గుండ్రటి బుట్టపడవల) కృష్ణ దాటుతరట! వరదల పుట్టి సుడికి తిరుగుతది, దరికి రాదు. కందిలి వెలుతురు అవతలి గట్టుకు కనవడుతది. అవతల మద్రాసు ఇలాకా, ఉప్పు కొనాలన్నా నిజాం రూపాయి హాలీ సిక్కా చెల్లదు. అప్పట్ల 7 హాలీలకు 6 కల్దార్లు, అంటే ఇండియా సర్కారు రూపాయలు. వాళ్లకు ఎవరు మార్చిచ్చిన్రు?

మూసీ ఒడ్డు: అన్నా, ఎండకాలంకు మార్చితే అయిపాయె. దొంగచాటు ప్రేమకు కాయితాలు దొరకయి. చీటీ దొరికితే దళమే దొరుకుతది, ఎవరు దాచిపెడతరు? ఆ జాగల కల్పనే రావాలె.

అచ్చంపేట: తరువాయి భాగం ఎప్పుడు?

కృష్ణపట్టె: 'సాగర్ దిక్కు నడిచిన్రు' అని గూడ ఉన్నది. నాగార్జునసాగర్‌కు పునాదిరాయి పడ్డదే 1955 డిసెంబర్ 10న.

మూసీ ఒడ్డు: పుట్టి, కల్దారు, సాగర్... నీకు ప్రేమే నచ్చలే, అది చెప్పు. 1986ల స్త్రీ శక్తి సంఘటన అనే ఆడోళ్ల సంఘం అచ్చేసిన, ఆ పోరాటంల ఉన్న ఆడోళ్ల మాటలు చదువు. పసిబిడ్డ ఏడుపుకు దళం జాడ తెలుస్తదని కన్నబిడ్డను పరాయి చేతుల పెట్టిన తల్లి గోస ఉన్నది అందుల. వాళ్లు దాచలే.

కృష్ణపట్టె: వాళ్లు నోరు తెరిచి చెప్పిన్రు. నవలల ఉన్న ఈ కొరియర్ చెప్పలే. ఈమె మా మేనత్త. అడవిల ఏం చేసొచ్చిందోనని ఊరంతా అన్నది. ఇప్పుడు ఆ సీను అచ్చయితే ఊరన్న మాటే నిలుస్తది, ఆమె చీటీలు, తూటాలు మోసిన సంగతి ఎవరికి పడుతది?

దేవరకొండ చదువరి: పేరొక్కటి మారిస్తే పోల్చుకోరా? ఊరు, ఇంటి వివరం, దళం, చనిపోయిన ఏడు గూడ మార్చాలె. ఇద్దరు ముగ్గురు కొరియర్ల బతుకులు ఒక్క పాత్రల కలపాలె. నిజాం లొంగిన 1948 సెప్టెంబర్ 17, 1951 అక్టోబర్ పోరాట విరమణ, ఇవి మాత్రం కదపొద్దు.

మూసీ ఒడ్డు: గవన్నీ మారిస్తే ఇంక ఆమె ఏడున్నది?

కృష్ణపట్టె: చెప్పొద్దనుకున్నది ఆమె. నాయకుని పేరు పెట్టుకోండ్రి, ఆమెది తీసెయ్యుండ్రి.

మూసీ ఒడ్డు: అంటే మళ్లా ఆయనొక్కని పేరే మిగలాల్నా? నేనొప్పుకోను.